మా మొజాయిక్ తాత

టొరంటోలో నాలుగేళ్ళు నేను అద్దెకున్న ఇంటి ఓనరు గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక రిలీజు మీద పడేది, అది లేకపోతే బద్ధకం. ఆయన 2023 లో పోయారు. ఆ ఇల్లు కూడా ఇప్పుడు లేదు. ఇంకా వాయిదా వేస్తే సగం సంగతులు నేనే మర్చిపోయేలా ఉన్నాను, అందుకే ఇవాళ కూర్చున్నా. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఇక్కడికి కొత్తగా వచ్చే మనవాళ్ళలో చాలామందికి మొదటి కాపురం బేస్‌మెంట్‌లోనే. 2019 లో వచ్చిన నేనూ అంతే. నగరానికి ఉత్తరాన డౌన్స్‌వ్యూ అని ఒక పేట ఉంది. అన్నీ యుద్ధం తర్వాత కట్టిన ఇటుక ఇళ్ళు. పెరట్లో ద్రాక్ష పందిరి, టొమాటో మొక్కలు కనబడ్డాయంటే అది ఇటాలియన్ల ఇల్లని చెప్పెయ్యొచ్చు. 1950, 60 ల్లో ఇటలీ నుంచి కెనడాకి లక్షలమంది వలస వచ్చారు. వాళ్ళలో చాలామంది చేరింది టొరంటోకే. రోడ్లు, సొరంగాలు, ఇళ్ళు, స్కూళ్ళు... పెరుగుతున్న ఊరికి కావలసిన కష్టమంతా వాళ్ళ చేతుల మీదుగానే జరిగింది. మొదట కాలేజ్ స్ట్రీట్, అక్కణ్ణించి సెయింట్ క్లెయిర్, తర్వాత డౌన్స్‌వ్యూ, చివరికి వుడ్‌బ్రిడ్జ్. చేతిలో డబ్బు ఆడేకొద్దీ ఉత్తరానికి జరుగుతూ పోయారు. మనవాళ్ళు అమీర్‌పేట హాస్టల్ నుంచి కూకట్‌పల్లికి, అక్కణ్ణించి మియాపూర్ ఫ్లాటుకి జరిగినట్టన్నమాట. మా ఓనరు మాత్రం డౌన్స్‌వ్యూలోనే ఆగిపోయారు. "ఈ ఇంటికి గచ్చు నేనే వేశాను, వదిలేసి ఎక్కడికి పోతాను?" అనేవారు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయనకి ఎనభై ఒకటి. ఏం పని చేస్తావని అడిగారు. సాఫ్ట్‌వేర్ అన్నాను. చేతులు చూపించమన్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి పని చేసే చేతులు కావు. కానీ అద్దె టైముకి కట్టే చేతులు" అన్నారు. అగ్రిమెంటు కాగితం లేదు, షేక్‌హ్యాండే. ఒక్కటే షరతు. కింద వంటిల్లు నాదే, కానీ టొమాటోల సీజన్లో రెండు వారాంతాలు మాత్రం అది ఆయనది. ఈ పాత ఇటాలియన్ ఇళ్ళల్లో రెండు వంటిళ్ళుంటాయి. పైది చుట్టాలకి చూపించడానికి, కిందది వండుకోడానికి :)

ఇటాలియన్లో తాతని నోన్నో అంటారు. ఏడుగురు మనవల నోట వినీ వినీ నాకూ అదే అలవాటైంది. అమ్మతో ఫోన్లో మాత్రం "మా మొజాయిక్ తాత" అనేవాణ్ణి.

ఆ పేరెందుకంటే, మా బేస్‌మెంట్ గచ్చు. మన వైపు పాత డాబాల్లో పెరిగినవాళ్ళకి మొజాయిక్ అంటే చెప్పక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిచి, చాప కూడా లేకుండా దాని మీద పడుకుంటే ఆ సుఖమే వేరు. మా ఇంట్లోనూ అదే ఉండేది, నా ఇంజనీరింగ్ అయ్యేలోపు దాని మీద టైల్స్ వేసేశారు. అలాంటిది, మంచు పడే దేశంలో, నేల కింద గదిలో అదే గచ్చు కనబడేసరికి నాకు నోట మాట రాలేదు. మేం దీన్ని మొజాయిక్ అంటామని చెప్తే నోన్నో నొచ్చుకున్నారు. మొజాయిక్ అంటే ముక్క పక్కన ముక్క చేత్తో పేర్చేది, ఇది టెరాజో, రెండూ ఒకటి ఎలా అవుతాయి అని.

ఆయనది ఇటలీకి ఈశాన్య మూల ఫ్రియులి అనే ప్రాంతం. ఆల్ప్స్ కొండల కింద, టాల్యమెంటో నది పక్కన పల్లెటూరు. ఇటాలియన్ అంటే ఊరుకునేవారు కాదు, "ఫుర్లాన్" అనాలి. వాళ్ళ భాష వేరు, దాన్ని ఇటలీ ప్రభుత్వం 1999 లో చట్టంలో గుర్తించింది కూడా. ఆ చుట్టుపక్కల సెక్వాల్స్, స్పిలింబెర్గో లాంటి ఊళ్ళ నుంచి తరతరాలుగా గచ్చు పనివాళ్ళు వెనిస్‌కీ, పారిస్‌కీ, అమెరికాకీ వెళ్ళేవారు. 1933 లో ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ అయిన ప్రీమో కార్నెరాది సెక్వాల్సే. స్పిలింబెర్గోలో 1922 లో పెట్టిన మొజాయిక్ బడి ఇప్పటికీ నడుస్తోంది. నోన్నో ఆ బడికి వెళ్ళలేదు. పద్నాలుగో ఏట మేనమామ వెనకాల బకెట్లు మోస్తూ నేర్చుకున్నారు.

పని ఎలా చేస్తారో ఎన్నిసార్లు అడిగినా ఉత్సాహంగా చెప్పేవారు. ముందు సిమెంటు, ఇసకతో పరుపు. దాని మీద ఇత్తడి పట్టీలు నిలబెట్టి గళ్ళు విడదీయాలి (మన మేస్త్రీలు గాజు పట్టీలు వాడేవారు). పట్టీలు లేకపోతే సిమెంటు ఎండేటప్పుడు ఇష్టమొచ్చిన చోట పగుల్తుంది. గడిలో పాలరాతి చిప్స్ కలిపిన సిమెంటు పోసి, పైన ఇంకొన్ని చిప్స్ చల్లి, నీళ్ళన్నీ పైకొచ్చేదాకా బరువైన రోలరు దొర్లించాలి. కొన్ని రోజులు ఆరనివ్వాలి. అప్పటికి అది ఉత్త బూడిదరంగు బండ, ఏమీ కనబడదు. అప్పుడు నీళ్ళు పోస్తూ మిషనుతో అరగదీయాలి. పిన్ను మొనంత చిల్లులు బయటపడతాయి, వాటిని సిమెంటు పాలతో పూడ్చి మళ్ళీ అరగదీయాలి. అప్పుడు తేలుతుంది రంగు. చిప్స్ ఒక పక్కకి పోగుపడ్డాయా, సమంగా పరుచుకున్నాయా అనేది అప్పటిదాకా ఎవరికీ తెలీదు. మా భాషలో చెప్పాలంటే, అన్‌డూ బటన్ లేని పని. గదుల్లో మిషను తిరుగుతుంది. మెట్లు, గోడ వార మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని చేతిరాయితో రుద్దాల్సిందే. నలభై ఏళ్ళు అలా రుద్దిన మోకాళ్ళు ఆయనవి. చివర్లో మెట్లు దిగడానికి పది నిమిషాలు పట్టేది. అయినా దిగేవారు.

మా బేస్‌మెంట్లో మొత్తం ఇరవై నాలుగు గళ్ళు. ఏ రెండూ ఒకలా ఉండవు. ఒక స్కూలు వరండాకి వేసినప్పుడు మిగిలిన చిప్స్ ఒక గడి, ఒక ఆస్పత్రి లాబీలో మిగిలినవి ఇంకో గడి. కర్రారా తెలుపు, వెరోనా ఎరుపు, ఆల్ప్స్ ఆకుపచ్చ... మేమంతా పీడీఎఫ్‌లో పెట్టుకునే రెజ్యూమెని ఆయన నేల మీద పోసుకున్నారు. పొయ్యి పక్కనున్న గడి ఒక్కటే అంత అందంగా ఉండదు. గరుకు బూడిదరంగు, మధ్యలో కాస్త పసుపు. 1976 మే 6 న ఫ్రియులిలో పెద్ద భూకంపం వచ్చి దాదాపు వెయ్యిమంది చనిపోయారు. వీళ్ళ ఇల్లూ కూలింది. ఆ వేసవిలో వెళ్ళి, తల్లిని అన్నగారింట్లో దిగబెట్టి, ఇంటి గోడ రాళ్ళు సూట్‌కేసులో వేసుకొచ్చారట. వాటిని సుత్తితో చిన్న చిన్న ముక్కలు చేసి ఆ గడిలో కలిపారు. "మా ఊరి దగ్గర వెంజోనే అని ఉంది. అక్కడ కూలిపోయిన చర్చి రాళ్ళన్నిటికీ నంబర్లేసి, ఎక్కడి రాయి అక్కడే పెట్టి మళ్ళీ కట్టారు. నాకు అంత ఓపిక లేదు, ఒక గడి చాలనుకున్నా" అన్నారు.

ఆయన 1957 లో పంతొమ్మిదేళ్ళ వయసులో ఓడ దిగింది హాలిఫాక్స్‌లోని పియర్ 21 లో. 1928 నుంచి 1971 దాకా వలస వచ్చినవాళ్ళు దిగిన రేవు అది, ఇప్పుడు మ్యూజియం. దిగగానే కస్టమ్స్ వాళ్ళు పెట్టె తెరిచి, తల్లి కట్టిచ్చిన సలామీలు తీసి పారేశారట. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ సంగతి చెప్తుంటే ముఖం ఎర్రబడేది. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు బరువెక్కువైతే మనం బట్టలు తీసేస్తాం గానీ ఆవకాయ సీసా తియ్యం కదా, ఆ బాధ నాకు వెంటనే అర్థమైంది.

భార్యది దక్షిణాన అబ్రుజ్జో. ఆవిడకి ఫుర్లాన్ రాదు, ఈయనకి ఆవిడ యాస పట్టుబడలేదు. అందుకని ఇంట్లో ఇటాలియన్, అందులో సగం ఇంగ్లీషు. జాబ్ అంటే "జోబ్బా", ఫెన్స్ అంటే "ఫెన్సా". మన టెంగ్లీష్ లాగే దీనికీ ఇటాలియేజె అని పేరుంది. ఆవిడ నేను రాకముందే, 2016 లో పోయారు. అప్పట్నించీ ఆయనే వండుకునేవారు.

ఇక తిండి సంగతి. ఫ్రియులి వాళ్ళ ముద్ద పొలెంటా. మొక్కజొన్న రవ్వని రాగి గిన్నెలో ముప్పావుగంట కర్ర తెడ్డుతో ఆపకుండా కలిపి, చెక్క పలక మీద బోర్లించి, దారంతో ముక్కలు కోస్తారు. మొదటిసారి చూసి "ఇది సంకటి!" అని అరిచాను. మా నానమ్మది పల్నాడు, జొన్న సంకటి కలిపేటప్పుడు ఆవిడా గిన్నెని కాలితో అదిమిపట్టి ఇలాగే తిప్పేది. మా నాన్న దుగ్గిరాల దగ్గర పసుపు, మొక్కజొన్న వేస్తాడని చెప్తే నోన్నో కళ్ళు మెరిశాయి. "అయితే మీరూ పొలెంటా తింటారా?" "లేదు, మా మొక్కజొన్న కోళ్ళ దాణాకి పోతుంది." కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మకి ఆ మాట చెప్పకు" అన్నారు.

ఎందుకన్నారో తర్వాత తెలిసింది. ఒకప్పుడు వాళ్ళ ప్రాంతంలో పేదలకి మూడు పూటలా పొలెంటా తప్ప ఇంకేం ఉండేది కాదు. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిన్ ఉన్నా ఒంటికి పట్టే రూపంలో ఉండదు. మెక్సికోలో మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి తింటారు కాబట్టి వాళ్ళకి ఆ ఇబ్బంది రాలేదు. ఆ కిటుకు యూరప్‌కి రాలేదు. దాంతో పెల్లాగ్రా అనే జబ్బు, చర్మం పగిలి, చివరికి మతి చలించేది. మనకీ ఈ జబ్బుతో చుట్టరికం ఉంది. దక్కనులో జొన్నలే తిని బతికే కూలీల్లో పెల్లాగ్రా కనబడితే, 1960 ప్రాంతంలో హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ బృందం దాని మీద పని చేసింది. అందుకే నోన్నో పొలెంటాని ఎప్పుడూ ఒంటరిగా తినేవారు కాదు. పక్కన జున్నో, కూరో, చివరికి ఒక గుడ్డో ఉండాల్సిందే. "ఉత్త పొలెంటా తినడానికి కాదు నేను ఓడెక్కింది" అనేవారు. మోంటాజియో జున్ను, బంగాళాదుంపలు కలిపి అట్టులా కాల్చే ఫ్రీకో చేసిన రోజైతే నాకు మెట్ల మీద ఒక ప్లేటు మూతపెట్టి ఉండేది. ఆ ప్లేటు ఖాళీగా ఎలా ఇస్తాం? నేను గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే వచ్చి విత్తనాలు దొరుకుతాయా అని అడిగారు. మరుసటి వేసవిలో ఆయన రదీక్కియో మడి పక్కన మన గోంగూర మడి లేచింది.

2020 మార్చి 17 న ఒంటారియోలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆఫీసు మూసేశారు, నేను బేస్‌మెంట్లో, ఆయన పైన. ఆ సాయంత్రం మెట్ల మీద నిలబడి, ఇవాళ్టికి సరిగ్గా అరవై ఏళ్ళు అన్నారు. దేనికని అడిగితే హాగ్స్ హాలో సంగతి చెప్పారు. 1960 మార్చి 17 న, డాన్ నది కింద నీళ్ళ పైపు కోసం తవ్వుతున్న సొరంగంలో మంటలు లేచి ఐదుగురు ఇటాలియన్ కుర్రాళ్ళు చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు అన్నదమ్ములు. దాని తర్వాతే విచారణలు, వలస కూలీల సమ్మెలు, కొత్త భద్రతా చట్టాలు వచ్చాయి. వాళ్ళ జ్ఞాపకంగా 2010 లో యార్క్ మిల్స్ సబ్‌వే స్టేషన్లో ఒక పెద్ద కుట్టుపని బొంత పెట్టారు. నేను రోజూ ఆ లైన్లోనే వెళ్ళేవాణ్ణి, ఒక్కసారీ దిగి చూడలేదు. "ఆ వయసు వాళ్ళమే అందరం. ఎవరు పిలిస్తే ఆ పనికి వెళ్ళేవాళ్ళం. నన్ను గచ్చుకి పిలిచారు, వాళ్ళని సొరంగానికి పిలిచారు, అంతే తేడా" అన్నారు.

ఆయన మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి టీచరు, అబ్బాయి పళ్ళ డాక్టరు, చిన్నమ్మాయి బ్యాంకులో. ఒక్కరికీ గచ్చు పని రాదు. రానివ్వలేదు. పదిహేనేళ్ళప్పుడు అబ్బాయి సరదాగా సైటుకి వెళ్తే, చేతిలో బస్సు డబ్బులు పెట్టి వెనక్కి పంపేశారట. ఆ రోజు ఇంటికొచ్చి, "ఇంకోసారి నిన్ను అక్కడ చూస్తే కాళ్ళిరగ్గొడతా, నా మోకాళ్ళు నాతోనే పోవాలి" అన్నారని అబ్బాయే నాకు చెప్పాడు. మన ఇళ్ళల్లో వినని మాట కాదు. ఇంటర్లో ఉండగా నేను పసుపు తవ్వకాలకి వస్తానంటే మా నాన్న అన్నది కూడా ఇంచుమించు ఇదే. "నువ్వు ఈ మట్టిలోకి రాకుండా ఉండటానికే కదరా నేను మట్టి పిసుకుతోంది."

తిండి దగ్గర మాత్రం నోన్నోది పూర్తిగా వేరే చట్టం. సెప్టెంబరులో సాస్ రోజు వచ్చిందంటే పళ్ళ డాక్టరైనా, బ్యాంకు మేనేజరైనా తెల్లవారుజామున ఐదింటికి గరాజులో ఉండాల్సిందే. "మీ ఇంట్లో పెళ్ళయినా మానుకోండి, దీనికి మాత్రం రండి" అనేవారు. ఇరవై బుట్టల టొమాటోలు. కడగడం ఒకరు, కొయ్యడం ఒకరు, ఉడికించేది ఒకరు, తొక్కలు, గింజలు వేరుచేసే మిషను తిప్పేది ఒకరు. ఆరేళ్ళ మనవడికి సీసాల మూతలు. నాకు ఒక్కో సీసాలో ఒక్కో బేసిల్ ఆకు వేసే పని, రెండో ఏడాది ప్రమోషనొచ్చి ఉప్పు. సీసాలన్నీ పాత డ్రమ్ములో పేర్చి, ఒకదానికొకటి తగిలి పగలకుండా మధ్యలో పాత గుడ్డలు కుక్కి, నీళ్ళు పోసి మరిగిస్తారు. ఆరాక ముందు మెట్ల కిందున్న చల్లటి గదిలోకి చేరతాయి. ఏడాది పొడవునా ముగ్గురు పిల్లల ఇళ్ళకీ అవే. మే నెలలో మా ఇంట్లో ఆవకాయ రోజు ఇంతే. అదే హడావుడి, అవే తిట్లు, తడి చెయ్యి తగలకూడదనే అదే భయం. ఆలోచిస్తే నవ్వొస్తుంది. టొమాటో, మిరపకాయ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వాళ్ళ పరువూ మన పరువూ రెండూ అరువు సరుకు మీదే నిలబడ్డాయి.

2023 ఫిబ్రవరిలో, ఎనభై అయిదో ఏట, నిద్రలో పోయారు. ఇల్లు ముగ్గురిదీ కాబట్టి అమ్మక తప్పలేదు, అందులో ఎవరి తప్పూ లేదు. కొన్నవాళ్ళు పాతది పడగొట్టి కొత్త ఇల్లు కట్టుకుంటారని ముందే తెలుసు. పెద్దమ్మాయి గారు ఆ భూకంపం గడినైనా కోసి తీసుకుందామని చాలా ప్రయత్నించారు. టెరాజో అంటే కింద పరుపుతో కలిసిపోయి గట్టిపడ్డ ఒకే బండ, పలక ఊడదీసినట్టు రాదు. వచ్చినాయన రంపంతో కోశాడు గానీ ఎత్తేటప్పుడు అది ఐదు ముక్కలైంది. "అతికించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఆవిడ అడిగితే, "మీ నాన్నగారైతే చేసేవారు" అన్నాడట. ఆయన ఎవరో అతనికి ముందే తెలుసు, ఆ లైన్లో పాతవాళ్ళందరికీ తెలుసు. ఆ ముక్కలు ఇప్పుడు ఆవిడ గరాజులో గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో ఇంకా ఎవరూ తేల్చలేదు.

పోయిన సెప్టెంబరులో సాస్ మాత్రం ఆ గరాజులోనే జరిగింది. నన్నూ పిలిచారు. ఉప్పు ఎంత అని అక్కాతమ్ముళ్ళు గంటసేపు పోట్లాడుకున్నారు. పెద్ద మనవడు సీసా మూతి తుడిచే తీరు అచ్చం ఆయనదే, బొటనవేలికి గుడ్డ చుట్టి ఒకే తిప్పు. వాడికి ఎవరూ నేర్పలేదు, పన్నెండేళ్ళు పక్కన నిలబడి చూశాడంతే.

నాకు అర్థమైనంతలో విషయం ఇది. ఆయన రెండు విద్యలు వెంట తెచ్చుకున్నారు. ఒకదానికి ఇంటిల్లిపాదినీ బలవంతంగా లాక్కొచ్చారు, రెండోదాన్ని పిల్లల కంట పడనివ్వలేదు. రెండూ ప్రేమతోనే చేశారు. ఫలితం మాత్రం, సాస్ నిలిచింది, గచ్చు ఆయనతో పోయింది. పిల్లల్ని సైటుకి తీసుకెళ్ళాల్సిందని నేను అనను, ఆ మోకాళ్ళు చూశాక ఎవరూ అనలేరు. మోకాళ్ళు పోకుండా ఆ విద్యని అందించే దారి ఆ రోజుల్లో ఒక కూలివాడికి ఉందా అంటే, లేదు. కానీ మన దగ్గర ఫోనుంది, కాస్త తీరికుంది, అడగడానికి నోరుంది. మీ ఇళ్ళల్లో కూడా "నీకెందుకు ఇవన్నీ" అనే నాన్నలు, తాతలు ఉండే ఉంటారు. పని చెయ్యనివ్వకపోయినా, చెప్పనైనా చెప్తారేమో అడిగి చూడండి.

మొన్న ఆదివారం మా నాన్నని అడిగాను, పసుపు కొమ్ములు ఉడికాయని ఎలా తెలుస్తుంది అని. "నీకెందుకురా ఇవన్నీ, మీ ప్రాజెక్టు ఎంతవరకొచ్చింది?" అన్నాడు. మళ్ళీ అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పుల్ల గుచ్చి చూడాల్రా. కానీ ముందు వాసన పట్టుకోవాలి..." అని మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు చెప్పాడు.